గడ్డలన్నీ కాన్సరు కావు – అయినా పరీక్ష మానవద్దు



మేము ఓ.పి.లో తరచుగా వినే ప్రశ్న ఒకటి ఉన్నది. "సిస్టరుగారూ, ఇది కాన్సరు గడ్డ కాదు కదా?" అని అడుగుతారు. కొందరు ఆ మాట అడగడానికే భయపడి, గడ్డను నెలల తరబడి పైట చాటున దాచుకొని, బాగా పెరిగిన తరువాత వస్తారు. మరికొందరు "నొప్పి లేదు కదా, ఏమీ కాదులే" అని ఊరుకుంటారు. భయపడి దాచుకొనేవారు, నొప్పి లేదని ఊరుకొనేవారు – ఇద్దరూ చేసే పని ఒక్కటే. పరీక్ష లేకుండానే ఆ గడ్డకు తామే ఒక పేరు పెట్టుకొంటున్నారు. గడ్డ పేరు చెప్పవలసినది పరీక్ష. ఈ సంచికలో ఆ విషయమే వివరిస్తాము.

గడ్డ అంటే ఏమిటి?

మనం "గడ్డ" అనే మాటను చాలావాటికి వాడతాము. వీపు మీద సెగ్గడ్డ లేచినా గడ్డే, గర్భసంచిలో పెరిగినా గడ్డే. వైద్యంలో మాత్రం ఇవి వేరువేరు.

చీము గడ్డ: ఇది క్రిముల వలన వస్తుంది. కొద్ది రోజులలోనే ఎర్రగా, వేడిగా లేచి సలుపుతుంది, జ్వరం కూడా రావచ్చు. చీము తీసి మందులు వాడితే తగ్గుతుంది. షుగరు ఉన్నవారికి ఇవి ఎక్కువగా వస్తాయి.

నీటి తిత్తి: సంచి వంటి దానిలో నీరుగాని, తెల్లని ముద్ద వంటి పదార్థంగాని చేరుతుంది. దీనిని సిస్టు అంటారు. తల మీద, వీపు మీద లేచి, మధ్యలో చిన్న నల్ల చుక్క కనిపించే గడ్డలు చాలావరకు ఇవే. వీటిని గోళ్ళతో పిండితే చీము పడుతుంది.

బిళ్ళలు: మెడలో, చంకలో, గజ్జలలో ఉండే లింఫు గ్రంథులు వాచినప్పుడు "బిళ్ళ కట్టింది" అంటాము. కాలికి పుండు పడితే గజ్జలలో బిళ్ళ కట్టడం అందరికీ తెలిసినదే. మెడలో వారాల తరబడి ఉండే బిళ్ళలు మన ప్రాంతాలలో టి.బి. వలన కూడా వస్తాయి. సాధారణంగా 6 నెలల మందులతో అవి నయమవుతాయి. అయితే కాన్సరు వలన కూడా బిళ్ళలు కట్టవచ్చు గనుక పరీక్ష అవసరం.

కణితి: శరీరంలోని కణాలు అవసరం లేకపోయినా పెరిగి ముద్ద కడితే దానిని కణితి అంటారు. డాక్టర్లు ట్యూమర్ అంటారు. ట్యూమర్ అనే మాట వినగానే చాలామంది కాన్సరే అనుకుంటారు. అది నిజం కాదు. కణితులలో కాన్సరు కానివి, కాన్సరువి అని రెండు రకాలు ఉన్నాయి.

రెండింటికీ తేడా ఎక్కడ?

చేయి తెగినప్పుడు కొత్త కణాలు పుట్టి గాయం మానుతుంది. మానిన తరువాత ఆ పెరుగుదల దానంతట అదే ఆగిపోతుంది. కణితిలో ఈ ఆగడం ఉండదు. రెండు రకాల కణితులలోనూ ఇది కలదు. తేడా తరువాత వస్తుంది.

కాన్సరు కాని కణితి తాను పుట్టిన చోటనే ఉంటుంది. చాలావాటికి చుట్టూ పలుచని తొడుగు ఉంటుంది. పెరిగినకొద్దీ పక్కనున్న కండను, నరమును పక్కకు నెడుతుంది గాని వాటిలోకి చొచ్చుకొనిపోదు. రక్తం ద్వారా వేరే అవయవాలకు పాకదు. చాలావరకు నెమ్మదిగా, సంవత్సరాల మీద పెరుగుతుంది. పూర్తిగా తీసివేస్తే సాధారణంగా అక్కడ మళ్ళీ రాదు.

కాన్సరు కణితికి హద్దు ఉండదు. పక్కనున్న భాగాలలోకి చొచ్చుకొనిపోతుంది. దాని కణాలు విడిపోయి, రక్తం ద్వారా, లింఫు నాళాల ద్వారా ఊపిరితిత్తులకు, కాలేయానికి, ఎముకలకు చేరి అక్కడ మళ్ళీ మొలుస్తాయి. కాన్సర్ అనే లాటిన్ మాటకు పీత అని అర్థం. చుట్టూ కాళ్ళు చాపుకొన్నట్టు పాకుతుంది కనుక పూర్వం ఆ పేరు పెట్టారు. మన పెద్దలు రాచపుండు అనేవారు.

రైతు కుటుంబాలవారికి ఇలా చెబితే సులువుగా తెలుస్తుంది. కుండీలో మొక్క ఎంత పెరిగినా దాని వేరు కుండీ దాటదు. కుండీ తీసేస్తే మొక్క పోతుంది. చేలో తుంగ అలా కాదు. పైన కోసినా కింద గడ్డలు పాకి, పక్క మడిలో లేస్తుంది. కాన్సరు కాని గడ్డ కుండీలో మొక్క వంటిది. కాన్సరు తుంగ వంటిది.

పరిమాణాన్ని బట్టి కూడా చెప్పలేము. అండాశయంలో కాన్సరు కాని గడ్డ కిలోల బరువు పెరగవచ్చు. రొమ్ములో శనగగింజంత గడ్డ కాన్సరు కావచ్చు.

తరచుగా కనిపించే కాన్సరు కాని గడ్డలు

కొవ్వు గడ్డ: డాక్టర్లు లైపోమా అని రాస్తారు. చర్మం కింద మెత్తగా ఉండి, వేలితో నొక్కితే జారుతుంది. భుజం, వీపు, చేతులు, తొడల మీద ఎక్కువ. కొందరికి ఒకటి కంటే ఎక్కువ ఉంటాయి. పరీక్షలో కొవ్వు గడ్డ అని తేలితే, ఇబ్బంది లేనప్పుడు తీయించవలసిన అవసరం లేదు. 5 సెంటీమీటర్లు దాటినా, లోతుగా ఉన్నా, త్వరగా పెరుగుతున్నా తప్పక చూపించాలి.

రొమ్ములో కదిలే గడ్డ: దీని పేరు ఫైబ్రోఅడినోమా. 15 నుండి 35 ఏళ్ళ లోపు వారిలో ఎక్కువ. నున్నగా ఉండి, పట్టుకోబోతే వేలి కింద నుండి జారిపోతుంది. ఇది కాన్సరుగా మారడం చాలా అరుదు. ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట. పెళ్ళికావలసిన అమ్మాయికి రొమ్ములో గడ్డ ఉందని తెలిస్తే సంబంధాలు రావేమోనని దాచిపెడతారు. ఆ పిల్ల మాత్రం రాత్రిళ్ళు నిద్ర లేక తనకు కాన్సరే అనుకొని కుమిలిపోతుంది. స్కానింగు, అవసరమైతే సూది పరీక్ష చేయిస్తే కొద్ది రోజులలో తీరిపోయే భయాన్ని ఏళ్ళ తరబడి మోయనివ్వవద్దు. ఆసుపత్రిలో ఎవరి వివరాలూ బయటకు చెప్పము.

గొంతు దగ్గర థైరాయిడ్ గడ్డ: గుటక వేసినప్పుడు పైకి కిందికి కదులుతుంది. వీటిలో నూటికి 90కి పైగా కాన్సరు కానివే. మిగిలినవాటిని వేరు చేయడానికే రక్తపరీక్ష, స్కానింగు, సూది పరీక్ష చేస్తారు.

గర్భసంచి గడ్డలు – తొందరపడవద్దు

స్త్రీలలో అన్నిటికంటె ఎక్కువగా కనిపించే కణితులు గర్భసంచిలోని ఫైబ్రాయిడ్లు. ఇవి కండరపు గడ్డలు. 50 ఏళ్ళు వచ్చేసరికి చాలామంది స్త్రీలలో చిన్నవో పెద్దవో ఉంటాయి. ఎందరికో అవి ఉన్నట్టు కూడా తెలియదు. కొందరికి ముట్టు సమయంలో రక్తస్రావం ఎక్కువై రక్తం తగ్గిపోతుంది, కడుపులో బరువుగా ఉంటుంది, మూత్రానికి తరచుగా వెళ్ళవలసి వస్తుంది. ముట్లు ఆగిపోయిన తరువాత ఈ గడ్డలు సాధారణంగా చిన్నవవుతాయి.

స్కానింగు రిపోర్టులో ఫైబ్రాయిడ్ అని చూడగానే "ఇప్పుడే తీయించకపోతే కాన్సరు అవుతుంది" అని ఎవరో ఒకరు భయపెడతారు. ఆ భయంతో 30 ఏళ్ళు దాటీ దాటకముందే గర్భసంచి తీయించుకొన్న స్త్రీలు మన ఊళ్ళలో ఉన్నారు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది ఉండగా, తెలంగాణలో 7.7 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 మంది ఉన్నారు. అనవసరమైన ఈ ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను 3 నెలలలో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించినది.

ఫైబ్రాయిడ్లు కాన్సరుగా మారడం చాలా అరుదు. అందువలన కాన్సరు భయం ఒక్కటే ఆపరేషనుకు కారణం కాకూడదు. రక్తస్రావం తగ్గడానికి మందులు ఉన్నాయి, రక్తహీనతకు ఐరన్ ఇస్తారు. పిల్లలు కావలసినవారికి గర్భసంచి ఉంచి గడ్డ మాత్రమే తీసే ఆపరేషను కూడా కలదు. గర్భసంచి తీయడం నిజంగా అవసరమయ్యే సందర్భాలు ఉన్నాయి. అప్పుడు వెనుకాడవద్దు. కాని ముందుగా డాక్టరుగారిని మూడు ప్రశ్నలు అడగండి: ఎందుకు తీయాలి? మందులతో తగ్గే అవకాశం ఉన్నదా? అండాశయాలు ఉంచుతారా? చిన్న వయసులో రెండు అండాశయాలూ తీసివేస్తే ముట్లు ఒక్కసారిగా ఆగిపోయి, ఒంట్లో ఆవిర్లు, ఎముకల బలహీనత వస్తాయి. సందేహముంటే ఇంకొక డాక్టరుగారి అభిప్రాయం తీసుకొనడం తప్పు కాదు. దానికి ఎవరూ కోపగించుకోరు.

ఇంకొక విషయం మరువవద్దు. ముట్లు ఆగిపోయి సంవత్సరం దాటిన తరువాత మళ్ళీ రక్తం కనిపించినా, కలయిక తరువాత రక్తం కనిపించినా, "గడ్డ వలన అయి ఉంటుంది" అని ఊరుకోకూడదు. వెంటనే పరీక్ష చేయించుకోవాలి.

కాన్సరు కాకపోయినా కష్టం కలిగించేవి

కాన్సరు కాదు అంటే అపాయం లేదు అని అన్నిసార్లూ అర్థం కాదు. గడ్డ మంచిదే అయినా అది ఉన్న చోటు మంచిది కాకపోవచ్చు. మెదడు పొరలలో లేచే మెనింజియోమా చాలావరకు కాన్సరు కాదు. కాని పుర్రె లోపల ఖాళీ స్థలం లేదు కనుక, అది మెదడును నొక్కి తలనొప్పి, ఫిట్లు, చూపు మందగించడం కలిగిస్తుంది. థైరాయిడ్ గడ్డ బాగా పెరిగితే శ్వాసనాళాన్ని నొక్కుతుంది. ఇటువంటివి తీయవలసి రావచ్చు.

ఇప్పుడు కాన్సరు కాకపోయినా, వదిలివేస్తే కాన్సరుగా మారగలవి కొన్ని ఉన్నాయి. పెద్దపేగులో లేచే పాలిప్ అనే చిన్న కండ పెరుగుదలలలో కొన్ని సంవత్సరాల మీద కాన్సరు కావచ్చు. ముందుగా చూసి తీసివేస్తే ఆ కాన్సరే రాదు. పొగాకు, గుట్కా నమిలేవారి నోటిలో లేచే తెల్ల మచ్చలు, ఎర్ర మచ్చలు కూడా అంతే. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలలో కొందరు స్త్రీలకు చుట్టను నిప్పు వైపు నోటిలో పెట్టుకొని కాల్చే అడ్డపొగ అలవాటు ఉన్నది. వారికి అంగిట్లో మచ్చలు, కాన్సరు వస్తాయి. ఈ అలవాటు ఉన్న అమ్మమ్మ, నానమ్మ ఇంట్లో ఉంటే, ఒక్కసారి నోరు తెరిపించి వెలుతురులో చూడండి, మాన్పించే ప్రయత్నం చేయండి.

వెంటనే రావలసిన లక్షణములు

1. రాయిలా గట్టిగా, కదలకుండా ఉన్న గడ్డ.
2. కొద్ది వారాలలోనే పెరుగుతున్న గడ్డ. ఏళ్ళుగా అలాగే ఉండి ఇప్పుడు పెరగడం మొదలుపెట్టినది కూడా.
3. రొమ్ము చర్మం సొట్టపడడం, కమలాపండు తొక్కలా కావడం, చనుమొన లోపలికి పోవడం, దాని నుండి రక్తం కారడం.
4. మూడు వారాలు దాటినా మానని పుండు – నోటిలోగాని, చర్మం మీదగాని.
5. మూడు వారాలు దాటినా తగ్గని మెడ బిళ్ళ, గొంతు బొంగురు, మింగడానికి కష్టం.
6. గడ్డతోపాటు కారణం లేకుండా బరువు తగ్గడం, ఆకలి లేకపోవడం.

ఇవి ఉన్నంత మాత్రాన కాన్సరే అని కాదు. ఆలస్యం చేయకూడదని మాత్రమే అర్థం. కాన్సరు గడ్డకు మొదట్లో నొప్పి ఉండకపోవడమే ఎక్కువ. నొప్పి ఉన్న సెగ్గడ్డ మనిషిని మరునాడే ఆసుపత్రికి తెస్తుంది. నొప్పి లేని గడ్డ ఇంట్లోనే కూర్చోబెడుతుంది. కాబట్టి "నొప్పి లేదు" అన్నది ధైర్యం చెప్పే మాట కాదు.

పరీక్షలు ఎలా చేస్తారు?

మొదట డాక్టరుగారు చేతితో పరీక్షిస్తారు. తరువాత గడ్డ ఉన్న చోటును బట్టి స్కానింగుగాని, రొమ్ముకు మామోగ్రఫీగాని రాస్తారు. సన్నని సూదితో గడ్డలోని కణాలు తీసి చూసేది ఎఫ్.ఎన్.ఎ.సి. ఇది ఇంజక్షను వంటిదే, కొద్ది నిమిషాలలో అయిపోతుంది. చిన్న ముక్క తీసి చూసేది బయాప్సీ. కణాలను మైక్రోస్కోపు కింద చూసిన తరువాతనే ఖచ్చితంగా చెప్పగలరు.

ఆపరేషను చేసి గడ్డ తీసినప్పుడు మేము దానిని ఇంటివారికి చూపించి, ఫార్మలిన్ సీసాలో వేసి, పేరు, నంబరు రాసి ల్యాబుకు పంపుతాము. "గడ్డ తీసేశారు కదా, మళ్ళీ ఈ పరీక్ష ఖర్చు ఎందుకు?" అని కొందరు అడుగుతారు. పైకి కొవ్వు గడ్డలా కనిపించినది లోపల వేరేది కావచ్చు. ఎక్కడ ఆపరేషను చేయించుకొన్నా తీసిన గడ్డను పరీక్షకు పంపమని అడగండి. కుట్లు తీయించుకొని రిపోర్టు సంగతి మరచిపోయేవారు ఉన్నారు. ఆపరేషనులో సగం పని ఆ కాగితంలో ఉన్నది. దానిని తీసుకొని, డాక్టరుగారికి చూపించి, ఇంట్లో భద్రపరచండి.

రిపోర్టులో కనిపించే మాటలు

బినైన్ అంటే కాన్సరు కాదు. మాలిగ్నెంట్ అంటే కాన్సరు.

"నెగెటివ్ ఫర్ మాలిగ్నెన్సీ" అంటే పరీక్షించిన కణాలలో కాన్సరు కనిపించలేదు అని. నెగెటివ్ అనే మాట చూసి బస్టాండు దాకా ఏడుస్తూ వెళ్ళినవారు ఉన్నారు. ఇక్కడ నెగెటివ్ మంచి మాట.

"శాంపిల్ సరిపోలేదు" అనే అర్థంలో రాస్తే, మంచీ చెడూ ఏదీ తేలలేదు అని. మళ్ళీ పరీక్ష చేయించాలి.

పేరు చివర "ఓమా" అని ఉన్నదాన్ని బట్టి భయపడవద్దు. లైపోమా, ఫైబ్రోమా కాన్సరు కావు. కార్సినోమా, సార్కోమా, లింఫోమా అంటే కాన్సరే. పేర్లు ఒకేలా వినిపిస్తాయి కనుక, మందుల షాపులోనో పక్కింటిలోనో చదివించుకోక డాక్టరుగారినే అడగండి.

అపోహలు – వాస్తవాలు

"సూది గుచ్చితే, కత్తి పెడితే గడ్డ కాన్సరు అవుతుంది." ఇది నిజం కాదు. సూది వలన, ఆపరేషను వలన మామూలు గడ్డ కాన్సరుగా మారదు. ఈ మాట ఎలా పుట్టినదో మాకు అర్థమవుతుంది. కాన్సరు ముదిరిన తరువాత వచ్చినవారికి ఆపరేషను చేసినా కొందరిలో వ్యాధి ఆగదు. అప్పుడు చూసినవారు కత్తి వలననే అనుకొంటారు. నిజానికి అది అప్పటికే పాకి ఉన్నది.

"పసరు కట్టు కడితే గడ్డ కరుగుతుంది." చీము గడ్డ దానంతట అదే పగిలి మానితే కట్టుకు పేరు వస్తుంది. కణితి కట్టుకు కరగదు. వాతలు పెడితే పుండు పడి, పరీక్ష కూడా కష్టమవుతుంది. పోయేది డబ్బు మాత్రమే కాదు, విలువైన నెలలు పోతాయి.

"కాన్సరు అంటే ఇక అంతే." ఇది కూడా నిజం కాదు. రొమ్ము, నోరు, గర్భాశయ ముఖద్వార కాన్సర్లు మొదటి దశలో కనిపెడితే చాలామందికి నయమవుతాయి. హైదరాబాదులో ఎమ్.ఎన్.జె. ప్రభుత్వ కాన్సరు ఆసుపత్రి 1955 నుండి పనిచేస్తున్నది. విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా కాన్సరు ఆసుపత్రి కలదు. రెండు రాష్ట్రాలలోనూ కాన్సరు చికిత్సకు ప్రభుత్వ ఆరోగ్య పథకాలు ఉన్నాయి. రేషను కార్డు, ఆధార్ తీసుకొని వెళ్ళండి.

ఇంటివారికి ఒక మాట

"మా అమ్మకు చెప్పకండి సిస్టర్" అని కొడుకులు, కూతుళ్ళు మమ్మల్ని పక్కకు పిలిచి చెబుతారు. ప్రేమతోనే చెబుతారు. కాని వరండాలో గుసగుసలు, ఆమె రాగానే మాట మార్చడం ఆ తల్లి చూస్తూనే ఉంటుంది. మామూలు కొవ్వు గడ్డకు వచ్చిన పెద్దావిడ కూడా, అందరూ ఏదో దాస్తున్నారని, తనకు రాచపుండే అని నిశ్చయించుకొని అన్నం మానివేస్తుంది. అలా కావద్దు. "అమ్మా, ఇంకా రిపోర్టు రాలేదు, వచ్చాక నీకూ చెబుతాము" అని తిన్నగా చెప్పండి. రిపోర్టు వచ్చే రోజున ఒక్కరినే పంపక ఎవరైనా తోడు రండి. రిపోర్టు రాకముందు మేము ఏమీ చెప్పకపోతే దాస్తున్నామని అనుకోవద్దు. తెలియనిదానిని చెప్పకూడదు గనుకనే చెప్పము.

చివరిగా

స్త్రీలు నెలకు ఒకసారి, ముట్టు అయిపోయిన వారం తరువాత, అద్దం ముందు నిలబడి రొమ్ములను చూసుకొని, చేతితో తడిమి చూసుకోవాలి. 30 ఏళ్ళు దాటిన స్త్రీలు, పురుషులు నోటి పరీక్ష, దానితోపాటు స్త్రీలు రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు చేయించుకోవాలి. ఒంటి మీద కొత్తగా గడ్డ కనిపిస్తే దాని స్థలం, పరిమాణం, కనిపించిన తేదీ ఒక కాగితం మీద రాసుకొని రండి. "ఎప్పటి నుండి?" అన్నది డాక్టరుగారు అడిగే మొదటి ప్రశ్న.

గడ్డలలో ఎక్కువ భాగం కాన్సరు కావు. ఆ సంగతి మీకు పరీక్ష చెప్పినప్పుడు నిశ్చింతగా ఇంటికి వెళ్ళండి. కాన్సరే అని చెబితే, ముందుగా తెలిసినందున చికిత్సకు సమయం దొరుకుతుంది. గడ్డ ఉన్నవారు ఎవరైనా, సిగ్గుపడక, వచ్చే వారం దాకా ఆగక ఓ.పి.కి రండి. డాక్టరుగారిని అడగడానికి మొహమాటమైతే మా సిస్టర్లలో ఎవరితోనైనా చెప్పండి. మేమే వెంట తీసుకొని వెళతాము.